పగలు స్టూడియో, రాత్రి క్లబ్బు: బార్నీ కెసెల్ గిటార్ గురించి

(విజయనగరంలో సంగీతం నేర్చుకునే పిల్లల ముందు ఒక గిటార్ మేస్టారు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైపు చేశాం, ఫ్యాను సౌండులో కలిసిపోయిన ముక్కలు వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూచున్నోళ్ళకి వినపడతందా బాబూ? వినపడకపోతే ముందుకొచ్చీండి, ముందు రెండు వరసలూ ఖాళీయే, మనోళ్ళకి ముందు కూచోడమంటే అదేటో భయం, మేస్టారు ఎక్కడ ప్రశ్న అడిగేస్తాడో అని. (నవ్వులు) నేనేం అడగను, చివర్లో మీరే అడగండి.

నన్ను పిలిచినోళ్ళు ఏటన్నారంటే, మీరు మద్రాసులో సినిమా పాటలకి గిటార్ వాయించారు కదా మేస్టారూ, ఆ కబుర్లు చెప్పండి అన్నారు. ఆ కబుర్లతో ఒక చిక్కుందండి. ఫలానా పాటలో ఆ బిట్టు నాదే అని నేనంటాను, నమ్మాలా వద్దా అని మీరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఎందుకంటే క్యాసెట్ కవరు మీద మా పేర్లు ఉండవు, రుజువు లేదు. అందుకని ఇవాళ నా సంగతి కొంచెమే, ఎక్కువ ఇంకో ఆయన సంగతి చెప్తాను, పేరు బార్నీ కెసెల్, అమెరికాలో జాజ్ గిటార్ వాయించినాయన. ఎంతమందికి తెలుసు? ఒకరు... అదిగో అక్కడ ఇంకొకరు. సరే, చాలు. పేరు తెలీకపోయినా ఆయన చెయ్యి విననోళ్ళు ఇంగ్లీషు పాటలు వినేవాళ్ళలో దాదాపు ఎవరూ ఉండరు, సెషన్ వాయించేవాడి, అంటే స్టూడియోలో ఇంకొకళ్ళ పాటలకి కూలికి వాయించేవాడి బతుకంటే అదే.

ఆయన పుట్టింది 1923లో, అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, మస్కోగీ అనే ఊరు. నాన్న హంగరీ నుంచి వలసొచ్చినోడు, బూట్ల కొట్టు. కుర్రాడు పేపర్లమ్మి గిటార్ కొనుక్కున్నాడు, పాఠం అంటూ నేర్చుకుంది మూడు నెలలే, మిగతాదంతా చెవితో. పద్నాలుగేళ్ళకే నల్లవాళ్ళ డాన్స్ బ్యాండులో చేరిపోయాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో తెల్ల కుర్రాడు నల్లవాళ్ళ బ్యాండులో కూచోడమంటే చిన్న విషయం కాదండి, బళ్ళూ హోటళ్ళూ అన్నీ వేరువేరుగా ఉన్న కాలం అది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గిటార్ సంగతి చెప్పాలి. మైకు లేని గిటార్ని ఓ పదిహేను మంది ట్రంపెట్లూ శాక్సఫోన్లూ ఊదుతున్న చోట పెడితే ఏటవుద్ది? ఏం వినపడదు. అందుకే అప్పటి బ్యాండుల్లో గిటార్ పని టక్ టక్ టక్ టక్ అని నాలుగు దెబ్బలూ కొడుతూ తాళం నిలబెట్టడం, అంతే. కౌంట్ బేసీ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ అని ఒకాయన 1937లో చేరి 1987లో చనిపోయేదాకా అదే పని చేశాడు, సోలో అన్నది దాదాపు వాయించలేదు, యాంప్, అదే శబ్దం పెంచే పెట్టె, పెట్టుకోలేదు. ఆయన్ని తక్కువ చేసి చెప్పట్లేదు, ఆయన లేకపోతే ఆ బ్యాండు నడకే వేరు. కాని గిటార్ ముందుకొచ్చి మాట్లాడ్డం మొదలైంది కరెంటు తగిలాకే. గిబ్సన్ వాళ్ళు 1936లో ఈఎస్-150 అని పికప్, అంటే తీగ శబ్దాన్ని పట్టే మైకులాంటిది, పెట్టిన గిటార్ తెచ్చారు, దాన్ని చేతిలో పట్టుకుని 1939లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో చేరాడు చార్లీ క్రిస్టియన్. శాక్సఫోన్ వాడు ఊదినట్టు ఒక్కో స్వరం పొడుగ్గా లాగి సోలో వాయించేవాడు. పాపం టీబీ, 1942లో పోయాడు, పాతికేళ్ళు.

మన ఊళ్ళో కూచుని ఈ మాట వింటంటే మీకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు గుర్తు రావాలి. ఇక్కడ సంగీత కాలేజీ 1919లో పెట్టినప్పుడే వయొలిన్ చెప్పడానికి వచ్చారాయన, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. వయొలిన్ అంటే పక్కవాద్యం, గాయకుడి వెనకాల నీడలాగ నడవాలి అనుకునే రోజుల్లో, వయొలినే మధ్యలో కూచుని కచేరీ చేస్తే జనం వింటారని చూపించిన చేతులవి. చార్లీ క్రిస్టియన్ గిటార్‌కి చేసిందీ అలాంటి పనే. అక్కడ కరెంటు సాయం చేసింది, ఇక్కడ విల్లు ఒక్కటే.

సరే, మన కుర్రాడి దగ్గరికి వద్దాం. కెసెల్‌కి పదహారేళ్ళప్పుడు ఈ చార్లీ క్రిస్టియన్ సొంత రాష్ట్రానికి సెలవుకొచ్చి కెసెల్ వాయిస్తున్న చోటికి వచ్చాడు, ఇద్దరూ కలిసి వాయించుకున్నారు. దేవుడు ఎదురుగా కూచున్నాడు, అప్పుడు కెసెల్‌కి తెలిసొచ్చిందేటంటే తన చేతుల్లో వస్తున్నదంతా ఆయనదే, తనదంటూ ఏమీ లేదని. ఇది చాలా మందికి ఎప్పటికీ తెలీదండి. మనం ఆర్కెస్ట్రాల్లో చూస్తాం, క్యాసెట్లో ఉన్నట్టు వాయించాడు అంటే అదే పెద్ద సర్టిఫికెట్టు.

1942లో లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయాడు. కామెడీ సినిమాల చికో మార్క్స్ పేరు మీద ఒక బ్యాండు తిరిగేది, అందులో పని. తర్వాత ఆర్టీ షా, బెన్నీ గుడ్‌మన్, అలా పెద్ద బ్యాండులన్నీ. 1944లో జామిన్ ద బ్లూస్ అని చిన్న ఫిల్ము తీశారు, లెస్టర్ యంగ్ లాంటి మహామహులు ఉన్నారు అందులో, తెల్లవాడు ఈయనొక్కడే, నల్లవాళ్ళ పక్కన తెల్లవాడు కనపడితే కొన్ని చోట్ల హాళ్ళల్లో ఆడనివ్వరని ఆయన్ని నీడలో కూచోబెట్టి చేతులకి పళ్ళ రసం పూశారని చెప్తారు. చూడండి, యూట్యూబులో దొరుకుద్ది, పాట వింటూ ఆ నీడ కూడా చూడండి. 1947లో చార్లీ పార్కర్ అనే గొప్ప శాక్సఫోన్ ఆయనతో రికార్డింగు, 1952లో ఆస్కార్ పీటర్సన్ ట్రయోలో చేరి ఒక ఏడాది దేశాలు తిరిగాడు. పియానో, బేస్, గిటార్ మాత్రమే, డ్రమ్స్ లేవు, పీటర్సన్ వేళ్ళేమో తుఫాను, దానికి సమానంగా పరిగెట్టాలి. ఏడాది అయ్యాక నా వల్ల కాదు, ఇంటికెళ్తాను అన్నాడు. పెళ్ళాం పిల్లలు, ఇల్లు, లాస్ ఏంజెలెస్‌లో స్టూడియోల నిండా పని. అక్కణ్ణించి ఆయన బతుకు రెండు షిఫ్టులు, పగలు స్టూడియో, రాత్రి జాజ్ క్లబ్బు.

ఇప్పుడు గిటార్ తీస్తాను. (గిటార్ శ్రుతి చేసుకుంటున్నారు) ఒక్క నిమిషం... ఆ.

జాజ్ అనగానే మనోళ్ళు ఏటనుకుంటారంటే ఏవో వంకర వంకర కార్డులు, కార్డు అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం, వేళ్ళన్నీ మెలికలు పడిపోవాలి అని. కాదండి. నేను మీకు రెండు వేళ్ళతో చూపిస్తాను. నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్టు, అదే రెండో మెట్టు, మూడో తీగ మీద మూడో ఫ్రెట్టు. (వాయించారు) సి-సెవెన్ అనే కార్డులో అసలు ప్రాణం ఈ రెండే. మీ భాషలో చెప్తాను, సి ని షడ్జం అనుకోండి, ఈ నాలుగో తీగ మీదది అంతర గాంధారం, మూడో తీగది కైశికి నిషాదం. స నేను వాయించను, అది బేస్ వాడి పని. ఇప్పుడు చూడండి, నాలుగో తీగ మీద వేలు ఒక్క ఫ్రెట్టు పైకి, మూడో తీగ మీద వేలు ఒక్క ఫ్రెట్టు కిందకి. (వాయించారు) గాంధారం వెళ్ళి మధ్యమం మీద వాలింది, నిషాదం దిగి ధైవతం మీద వాలింది. ఎఫ్ కార్డు వచ్చేసింది. మళ్ళీ వినండి. (వాయించారు) చూశారా, ఇల్లు చేరినట్టు ఉంది కదా చెవికి? ఈ నాలుగు స్వరాలూ హరికాంభోజిలో ఉన్నవే, వేరే దేశం నుంచేం రాలేదు, కాకపోతే మనం వాటిని ఒకదాని తర్వాత ఒకటి నడిపిస్తాం, వాళ్ళు జంటలు జంటలుగా కదుపుతారు.

ఇంకో తమాషా ఉంది, అమ్మా నువ్వు పాడతావు కదా, కింద స్థాయి షడ్జం పట్టుకో. (ఒక విద్యార్థిని పాడింది) నేను ఆ రెండు వేళ్ళూ వేస్తున్నాను. (వాయించారు) ఇప్పుడు నువ్వు షడ్జం వదిలేసి ప్రతి మధ్యమం పట్టుకో. (పాడింది) నా వేళ్ళు కదల్లేదు! చూడండి అందరూ, అక్కడే ఉన్నాయి, కాని కార్డు మారిపోయింది, ఎందుకంటే దాని నించి లెక్కపెడితే నా గాంధారం దానికి నిషాదం అయింది, నా నిషాదం దానికి గాంధారం అయింది. ఇప్పుడు అక్కణ్ణించి శుద్ధ మధ్యమానికి జారు తల్లీ. (చప్పట్లు) అదీ. బీబాప్ అనే వేగమైన జాజ్ వాయించేవాళ్ళందరూ రోజూ వాడుకునే కిటుకు ఇది, మీ అందరికీ ఇప్పుడు వచ్చేసింది.

దీన్నే ఎందుకు చూపించానంటే, 1955లో జూలీ లండన్ అని ఒకావిడ, సినిమా నటి, పెద్ద గొంతు కాదు, గుసగుసలాడినట్టు పాడతాది. ఆవిడ మొదటి ఎల్పీకి వాయించినోళ్ళు ఇద్దరే, బార్నీ కెసెల్ గిటార్, రే లెదర్‌వుడ్ బేస్. డ్రమ్స్ లేవు పియానో లేదు, వయొలిన్లు అసలే లేవు. క్రై మీ ఎ రివర్ అన్న పాట అందులోదే, పెద్ద హిట్టు. ఇంటికెళ్ళి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. చార్లీ పార్కర్ పక్కన వాయించొచ్చినోడు, పీటర్సన్‌తో పరిగెట్టొచ్చినోడు, ఆవిడ వెనకాల ఎంత తక్కువ వాయించాడో చూడండి. ఆవిడ ఊపిరి తీసుకున్నచోట ఓ ముక్క వేస్తాడు, ఆవిడ నోరు తెరవగానే తప్పుకుంటాడు. రెండు స్వరాలు, మూడు స్వరాలు, వాటి కదలికలోనే పాట మొత్తం నిలబడిపోద్ది. పదిమంది వాద్యగాళ్ళు ఉంటే ఆవిడ గొంతు మునిగిపోయేది.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, కొందరు జాజ్ పండితులు రాస్తారు, కెసెల్ జాజ్‌లో ఇంకా పైకి వెళ్ళాల్సినోడు, డబ్బుల కోసం స్టూడియోల్లో పడి వృధా అయిపోయాడు అని. వృధా ఏటండి? ఆ పాటలో ఉన్నది జాజ్ కాదా మరి? స్టూడియో వాళ్ళు ఆయనకి డబ్బులిచ్చింది నోట్సు చదివినందుకు కాదు, చదవగలిగినోళ్ళు ఆ ఊళ్ళో వీధికి పదిమంది ఉన్నారు. కాయితం మీద రాయనిది ఏదో తెలిసినందుకిచ్చారు, ఆ తెలియడం రాత్రి క్లబ్బులో వచ్చింది.

అక్కడ స్టూడియో పని ఎలాగుండేదో చెప్తాను. యూనియన్ లెక్క, సెషన్ అంటే మూడు గంటలు, ఆ మూడు గంటల్లో వీలైనన్ని పాటలు అయిపోవాలి, టైము దాటితే ఎక్కువ ఇవ్వాలి కాబట్టి నిర్మాత కళ్ళు గడియారం మీదే ఉంటాయి. నువ్వు లోపలికెళ్తావు, స్టాండు మీద కాయితం ఉంటాది, అంతకు ముందు చూసింది కాదు, ఒకసారి రిహార్సలు, రెండోసారి టేకు. పొద్దున్న రాక్ పాట, మధ్యాన్నం టీవీ సీరియల్ మ్యూజిక్, సాయంత్రం అడ్వర్టైజ్‌మెంట్. ఈ పనిలో ఆరితేరినోళ్ళు ఒక గుంపు ఉండేది, తర్వాత రోజుల్లో రెకింగ్ క్రూ అని పేరు పెట్టారు వాళ్ళకి. అందులో టామీ టెడెస్కో అని ఇంకో గిటార్ ఆయన, బొనాంజా టీవీ సీరియల్ మ్యూజిక్కులో గిటార్ ఆయనదే. మాండొలిన్ కావాలంటే మాండొలిన్, బాంజో కావాలంటే బాంజో తీసుకెళ్ళేవాడు, కాని అన్నిటినీ గిటార్ శ్రుతిలోనే బిగించుకునేవాడు! (నవ్వులు) వేళ్ళు మార్చక్కర్లేదు కదా. వినేవాడికి మాండొలిన్ లాగే ఉంటాది, ఇంకేటి బాధ? ఆ గుంపులోనే కేరోల్ కే అని ఒకావిడ, అసలు జాజ్ గిటార్ వాయించేది, 1957లో సెషన్లకొచ్చింది, 1963లో ఒక రోజు బేస్ వాయించాల్సినాయన రాకపోతే ఆ బేస్ గిటార్ ఎత్తుకుంది, అంతే, తర్వాత అమెరికా బేస్‌లో సగం ఆవిడదే అన్నట్టు అయిపోయింది. అమ్మాయిలు వింటున్నారా? గిటార్ క్లాసుకి ఇప్పటికీ అబ్బాయిలే ఎక్కువొస్తన్నారు, నాకది నచ్చట్లేదు.

కెసెల్‌కి ఇంకో కథ ఉంది. ఫిల్ స్పెక్టర్ అని ఒక కుర్రాడు, కెసెల్ అంటే పిచ్చి, డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక ఏదో గిటార్ వాళ్ళ గురించి రాస్తూ ఈయన పేరు వదిలేసిందని ఎడిటర్‌కి ఉత్తరం రాశాడు. ఆ కుర్రాడి అక్క కెసెల్‌ని వెతికి పట్టుకుని, మా తమ్ముడు గిటార్‌తో బతకాలనుకుంటన్నాడు, ఏం చెయ్యమంటారు అని అడిగిందట. ఈయనేమో జాజ్‌లో తిండి లేదమ్మా, పాటలు రాయడం, రికార్డులు ప్రొడ్యూస్ చెయ్యడం వైపు వెళ్ళమను అన్నాడట. ఆ కుర్రాడు వెళ్ళాడు, కొన్నేళ్ళకి పెద్ద నిర్మాతయ్యాడు, గోల్డ్ స్టార్ అనే స్టూడియోలో ఇరుకు గదిలో ఇరవైమందిని కూచోబెట్టి, గిటార్లే మూడు నాలుగు ఒకే కార్డు గంటలకి గంటలు కొట్టించేవాడు, శబ్దం గోడలాగ రావాలని. అందులో కూచుని కొట్టినోళ్ళలో కెసెల్ ఒకడు. సలహా ఇచ్చినాయన, సలహా తీసుకున్నోడి దగ్గర కూలి. (నవ్వులు) నవ్వకండి, డబ్బులు బాగానే వచ్చాయి ఆయనకి. 1966లో బీచ్ బాయ్స్ వాళ్ళ పెట్ సౌండ్స్ అనే ఆల్బంలో ఉన్నాడు, ఎల్విస్ సినిమా పాటల్లో ఉన్నాడు. మధ్యలో రే బ్రౌన్, షెల్లీ మాన్ అనే ఇద్దరితో కలిసి 1957 నుంచి పోల్ విన్నర్స్ అని సొంత జాజ్ ఎల్పీలు. పత్రికల ఓటింగుల్లో ముగ్గురూ ఫస్టు వచ్చారని ఆ పేరు. గిటార్, బేస్, డ్రమ్స్, అంతే. పగలు ఒక కార్డు, రాత్రి వెయ్యి కార్డులు అన్నమాట.

మన దగ్గరా ఇదే కథ, ఊళ్ళే వేరు. బొంబాయిలో గోవా వాళ్ళు రాత్రి తాజ్ హోటల్లో జాజ్ ఊదేవాళ్ళు, పగలు హిందీ సినిమా పాటలకి వాయించేవాళ్ళు, చిక్ చాకొలెట్ అని ట్రంపెట్ ఆయన సి. రామచంద్ర గారికి అసిస్టెంటు కూడా. ఆర్డీ బర్మన్ దగ్గర భూపీందర్ సింగ్, గజల్ గాయకుడిగా మీకు తెలుసు, దమ్ మారో దమ్‌లో ఆ గిటార్ ఆయనది. మద్రాసులో ఇళయరాజా గారే గిటార్‌తో మొదలుపెట్టారు, సలీల్ చౌదరి గారికి వాయించారు, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ క్లాసికల్ గిటార్ పరీక్ష పాసయ్యారు.

మాది ఆమదాలవలస పక్కన. ఆ స్టేషన్లో నిలబడితే ఒక బండి మద్రాసు వెళ్తాది, ఒక బండి హౌరా వెళ్తాది. మా మావయ్య ఖరగ్‌పూర్ రైల్వేలో ఉండేవాడు, సెలవుకి వస్తా నాకు కలకత్తా గివ్సన్ గిటార్ తెచ్చాడు. కెసెల్‌ది గిబ్సన్, మాది గివ్సన్, ఒక్క అక్షరమే తేడా. (నవ్వులు) తీర్థాలకీ సిరిమాను పండక్కీ ఆర్కెస్ట్రాల్లో వాయించి వాయించి, మద్రాసు బండి ఎక్కాను. హౌరా బండి ఎక్కుంటే ఏటయ్యేదో. అక్కడ పార్క్ స్ట్రీట్‌లో కార్ల్‌టన్ కిట్టో అని ఒకాయన ఉండేవారు, రికార్డులు విని సొంతంగా బీబాప్ నేర్చుకున్నారు, సినిమా వైపు చూడకుండా జీవితాంతం జాజ్ గిటారే, 2016లో పోయేదాకా పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ. ఆయన్ది గొప్ప బతుకే, కాని ఆస్తులేం మిగల్లేదు. ఎవరిది రైటు అని నన్నడక్కండి.

మద్రాసులో నేను వెళ్ళినప్పటికి ఇంకా అందరూ ఒకేసారి కూచుని వాయించడమే. నలభైమంది, సింగరు, కోరస్, అంతా ఒకే టేకు. చివరి లైనులో ఎవడి వేలైనా జారిందా, మళ్ళీ మొదటి నించి, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఆ చూపుకి భయపడి బాగా వాయించినోళ్ళు ఉన్నారు. ఒకరోజు రీరికార్డింగులో, అదే సీను వెనకాల వచ్చే మ్యూజిక్కు, ఏదో వాన సీను, నా కాయితం మీద జి కార్డు, పదహారు బార్లు, అంటే పదహారు ఆవర్తాలు, నిండుగా స్ట్రమ్మింగ్ అని రాసుంది. కొట్టాను. మ్యూజిక్ డైరెక్టరు గారు గ్లాసు అవతల నించి, ఏదో ఎక్కువైంది అన్నారు, ఏది ఎక్కువైందో చెప్పలేదు. మూడుసార్లు తబలా వాణ్ణి మార్చమన్నారు, ఫ్లూటు తగ్గించమన్నారు. అప్పటికి నేను కెసెల్ రికార్డు ఒకటి మూర్ మార్కెట్లో సెకండ్ హ్యాండుది కొని అరగదీసి ఉన్నాను. నేనేం అడగలేదు, తర్వాతి టేకులో స్ట్రమ్మింగ్ మానేసి మధ్య తీగల మీద రెండే స్వరాలు, అదీ దెబ్బ మీద కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్యలో. టేకు ఓకే. ఆయన నాతో ఏమనలేదు, నా వైపు చూడలేదు కూడా, తర్వాత వారం మాత్రం ఫోనొచ్చింది. మా పనిలో మెచ్చుకోలు అంటే అంతేనండి, మళ్ళీ పిలవడం.

డబ్బుల సంగతి ఎవరో చీటీ పంపారు. యూనియన్ రేటుంటాది, మామూలుగా సాయంత్రం కవర్లో పెట్టి ఇచ్చీవారు. ఒక ప్రొడక్షన్ వాళ్ళు మాత్రం రేపు రేపు అని, ఆ సినిమా వంద రోజులు ఆడింది, నా రేపు ఇంకా రాలేదు. (నవ్వులు) తర్వాత కీబోర్డులొచ్చాయి, ఒక పెట్టెలో వయొలిన్లన్నీ, ఇంకో పెట్టెలో గిటార్లన్నీ. తెలుగు సినిమా మెల్లగా హైదరాబాద్ వెళ్ళిపోయింది. నలభై కుర్చీల హాల్లో ఇద్దరు ముగ్గురు మిగిలారు. నేను ఇంటికొచ్చేశాను, పాఠాలు చెప్పుకుంటన్నాను.

కెసెల్ మాత్రం పని పోయి రాలేదు, పని ఉండగా లేచిపోయాడు, అక్కడే ఆయన వేరు. 1969లో లాస్ ఏంజెలెస్ స్టూడియోలు వదిలేసి లండన్ వెళ్ళిపోయాడు. ఫోను మోగుతూనే ఉంది అప్పటికీ. కాని ఆ పాటల్లో ఆయనకి తెలిసినదాంట్లో ఎంత అవసరం? ఒక కార్డు గంటల తరబడి. చెవి వాడకపోతే మొద్దుబారిపోద్ది, వేళ్ళు ఎంత వేగంగా ఉన్నా సరే. లండన్లో కొన్నాళ్ళు, మళ్ళీ వెనక్కి, 1970ల్లో హెర్బ్ ఎల్లిస్, చార్లీ బర్డ్‌లతో కలిసి గ్రేట్ గిటార్స్ అని ముగ్గురూ దేశాలు తిరిగారు. ఈ హెర్బ్ ఎల్లిస్ ఎవరో తెలుసా, పీటర్సన్ దగ్గర కెసెల్ వదిలేసిన కుర్చీలో కూచున్నాయన. 1992లో పక్షవాతం వచ్చింది, గిటార్ ఆగిపోయింది. 2004లో శాన్ డియెగోలో పోయాడు, ఎనభై ఏళ్ళు.

ఇంకో గిటార్ ఆయన కూడా ఇలాగే లేచిపోయాడు, జాన్ మెక్‌లాఫ్లిన్. లండన్లో 1960ల్లో సెషన్లు వాయిస్తూ, 1969లో అమెరికా వెళ్ళి మైల్స్ డేవిస్ అనే జాజ్ ట్రంపెట్ ఆయన రికార్డులో వాయించాడు, 1970ల్లో జాకీర్ హుస్సేన్, ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్ గార్లతో శక్తి అనే బ్యాండు. ఆ శక్తిని మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పక్కన కూచున్నది ఎవరు? మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్! (చప్పట్లు) ఆయనా కరెంటు మాండొలినే. కెసెల్ గురించి మాట్లాడతా పాలకొల్లు వచ్చేశాను, సరే, ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేస్టారూ, గిటార్ మీద గమకం పలకదంటారు కదా, మనం జాజ్ నేర్చుకుంటే మన సంగీతం చెడిపోదా?)

గమకం పలకదని ఎవరన్నారు నాన్నా? వీణ మెట్లు మైనంలో పెడతారు, తీగని మెట్టు మీద పక్కకి లాగితే గమకం. గిటార్ మీదా తీగ లాగితే లాగినంత వస్తాది, కాకపోతే సన్నం తీగలు వేసుకోవాలి, కెసెల్ గిటార్ మీద లావు తీగలు, ఆయనకి లాగే అవసరం లేదు. బొబ్బిలి వెళ్ళి గొల్లపల్లిలో వీణ చేసేవాళ్ళని చూడు, ఒకే పనస దుంగలోంచి చెక్కుతారు. వాళ్ళు గిటార్ని నాలాగ పట్టుకుని చూసి, మెడ ఇంత సన్నం ఏటండి అంటారు, ఇంకేం అనరు. చెడిపోవడం అదీ ఏం లేదు. నువ్వు పొద్దున్న వర్ణం వాయించుకుని సాయంత్రం ఇది నేర్చుకో.

(ఒక విద్యార్థిని: ఇప్పుడు సెషన్ పని ఉందా సార్, ఈ ఊళ్ళో కూచుని చెయ్యొచ్చా?)

చెయ్యొచ్చమ్మా, చేస్తన్నారు. హైదరాబాద్ నించి ట్రాకు పంపుతారు, ఇంట్లో ఇంటర్‌ఫేస్, అంటే శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పెట్టె, ఒక మైకు, రాత్రి కుక్కలు అరవని టైము చూసుకుని (నవ్వులు) వాయించి ఫైలు పంపడమే. నలభైమంది చూపులు లేవు కాబట్టి భయం లేదు, అదే ఇబ్బంది, అరవైసార్లు వాయిస్తారు. మూడు టేకులే పంపు, ఒకటి వాళ్ళు రాసినట్టు, ఒకటి నీకు తోచినట్టు, ఇంకోటి బాగా తక్కువ వాయించి. టామీ టెడెస్కో ఏమనేవాడంటే పని ఒప్పుకోడానికి కారణాలు డబ్బు, పరిచయాలు, నేర్చుకోడం, సరదా, వీటిలో ఒకటన్నా ఉండాలి అని. మొదట్లో నీకు డబ్బు ఉండదు, మిగతావి చూసుకో. ఫైలు పేరులో టెంపో, శ్రుతి రాయి, క్లిక్, అదే తాళం కోసం చెవిలో పెట్టుకునే టక్ టక్, లేకుండా పంపు, అడ్వాన్సు సగం ముందు తీసుకో, సగం ఫైలు పంపే ముందు. పంపాక ఎవరూ ఇవ్వరు. అడుగమ్మా, ఇంకేటి... ఆ వెనకాల బాబు చెయ్యెత్తాడు, గిటార్ తెచ్చాడు. రా బాబూ, ముందుకి రా, ఆ రెండు వేళ్ళూ ఎక్కడ పెట్టాలో చూపించు.